కాగితపు మాటలు

ఇంగ్లీషు రాదని చెప్పుకొను గృహిణులు సైతము రీము, ఫుల్‌స్కేపు, డెమ్మీ, కవరు అను మాటలను తడుముకొనకయే పలుకుచుందురు. ఇవి యన్నియు కాగితమునకు సంబంధించిన పాత యాంగ్లపదములు. మేము ఇంటియొద్ద చదివికొన్నది తెలుగును సంస్కృతమును మాత్రమే. అయినను పదముల పుట్టుక నరయు కుతూహలమునకు భాషాభేదము లేదు గదా! ఈ మాటలను విప్పి చూచినచో వెనుకటి యింగ్లండులో కాగిత మెంత ప్రియమైన వస్తువో సోదరీమణులకు బోధపడగలదు.

ఫూల్ అనగా విదూషకుడు. కేప్ అనగా టోపీ. పూర్వము ఐరోపాలో నారగుడ్డల పీలికలను నీట నానవైచి, మెత్తగా దంచి, ఆ గుజ్జును తీగెల జల్లెడ వంటి చట్రముతో పైకెత్తి కాగితము చేసెడివారు. చట్రముపై నొక బొమ్మను తీగెతో కుట్టినచో నచ్చట కాగితము పలుచనై, వెలుతురున కెత్తి చూచినప్పుడు ఆ బొమ్మ కానవచ్చును. గజ్జెలు కట్టిన విదూషకుని టోపీ యట్టి గుర్తులలో నొకటి. ఆ గుర్తు గల 17 అంగుళముల పొడవు, 13½ అంగుళముల వెడల్పు గల కాగితమునకు ఆ టోపీ పేరే నిలిచినది. కిరీటపు గుర్తు గలది క్రౌను. కుండ గుర్తు గలది పాట్. డెమ్మీకి మాత్రము 'సగము' అను ఫ్రెంచి మాట మూలము. మన ప్రచురణకర్తలు క్రౌను సైజు, డెమ్మీ సైజు అని నేటికిని వ్రాయుచునే యున్నారు.

1649లో మొదటి చార్లెసు రాజు శిరచ్ఛేదము పిమ్మట, పార్లమెంటువారు ఎగతాళికై రాజముద్రను తీసివైచి యీ టోపీని పెట్టించిరని యొక కథ కలదు. కథ రుచిగానే యున్నది కాని నమ్మదగినది కాదు. 15వ శతాబ్దపు జర్మను కాగితములపైననే యీ టోపీ కనబడుచున్నది. ఇక గుడ్డలను ఏరి, గుండీలు ఊడదీసి, ముక్కలుగా కోయు దుమ్ముపని స్త్రీలది. వారి గుర్తు మాత్రము ఏ కాగితమునందును లేదు.

రీము అరబ్బుల 'రిజ్మా', అనగా మూట. వారు స్పెయినునకు కాగితపు విద్యను కొనిపోగా మాటయు వెంట నడచినది. 24 కాగితములు ఒక క్వైరు. 20 క్వైర్లు, అనగా 480 కాగితములు, పాత రీము. నేటి రీము 500. క్వైరునే మనము దస్తా యనుచున్నాము. అది పారసీకము; చేతికి పట్టినంత యని యర్థము.

అన్నింటికంటె మా మనస్సున నిలిచినది కవరు. 1840కి పూర్వము ఇంగ్లండులో తపాలా సుంకమును దూరమునుబట్టియు, కాగితముల సంఖ్యనుబట్టియు కట్టెడివారు. దానిని తరచుగా ఉత్తరము అందుకొన్నవారే చెల్లింపవలసి యుండెను. ఉత్తరముపై మరియొక కాగితము చుట్టినచో సుంకము రెట్టింపు! అందుచే వ్రాసిన కాగితమునే మడిచి, వెలుపల విలాసము వ్రాసి, లక్కతోనో, 'వేఫరు' అను పిండిబిళ్లను తడిపియో అంటించెడివారు. నేడు మన పిల్లలు తినునది ఆ పేరు గలదే. కాగితము నిండినపుడు దానిని అడ్డముగా త్రిప్పి, వ్రాసిన పంక్తులమీదనే మరల వ్రాసెడివారు; దీనికి 'క్రాసింగు' అని పేరు. జేన్ ఆస్టెన్ వ్రాసిన 'ఎమ్మా' నవలలో నొక యువతి యుత్తరములు ఇట్లే గళ్లుగళ్లుగా నుండును.

పేదరాండ్ర మాట యేమి? కవి కోలెరిడ్జి చెప్పిన దొక కథ కలదు. సరస్సుల సీమలో నొక స్త్రీకి తపాలా బంట్రోతు ఉత్తరము తెచ్చి, షిల్లింగు ఇమ్మనెను. ఆమె దానిని త్రిప్పి చూచి, ఇచ్చుకొనలేనని మరలించెను. కోలెరిడ్జి జాలిపడి, ఆమె వలదన్నను తానే చెల్లించెను. బంట్రోతు పోయిన పిమ్మట ఆమె విప్పి చూపగా లోపల నొక్క యక్షరమైనను లేదు! అన్న క్షేమముగా నున్నంత కాలము మూడు మాసముల కొకసారి ఖాళీ కాగితము పంపవలెననియు, తాను దానిని పుచ్చుకొనక మరలింపవలెననియు వారు ఏర్పాటు చేసికొనిరట. మోసమందురేమో! ఆ చెల్లెలిని నిందించుటకు మాకు నోరు రాదు.

రోలండ్ హిల్ దొర 1837లో ఈ పద్ధతిని ఖండించుచు నొక చిన్న పుస్తకము ప్రకటించెను. 1840 జనవరి 10వ తేది మొదలు అర ఔన్సు, అనగా తులమున కించుక పైబడిన యుత్తరము, ఆ దేశమున నెంత దూరమైనను ఒక్క పెన్నీకి పోసాగెను. లెక్క తూకమునకు మారుటచే పైన చుట్టు కాగితమునకు వేరు సుంకము లేకపోయెను. ఆ పైకాగితమునకే 'కవరు' అని పాత పేరు. ఆంగ్లేయులు సామాన్యముగా ఇప్పుడు 'ఎన్వలప్' అనుచున్నారు. మనము మాత్రము తపాలా కచేరి కిటికీ యొద్ద నిలిచి "ఒక కవరు ఇయ్యండి" అనియే యడుగుచున్నాము.