ప్రయాణమునకు కెమెరా

హాలియా మీదుగా నాగార్జునసాగరమునకు పోవు దారిలో, ఆనకట్ట తలుపు లెత్తినారన్న వార్త వచ్చిన దినమున, కెమెరాలు మెడకు తగిలించుకొనిన యువకులు పెక్కుమంది కానవత్తురు. మన యిండ్లలోని పిల్లలును చేతిలోని సెల్‌ఫోనుతో తృప్తిపడక, వేలకు వేలు పోసి కెమెరా కొనిపెట్టుమని పెద్దల నడుగుచున్నారు. వారికి బదులు చెప్పవలసినవారు మీరే గనుక, ఆ సంగతి నాకు తెలిసినంత మేరకు విన్నవించెదను.

ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడియైనది 1839లో, పారిసు నగరమున. మన ప్రాంతమున దానికి గొప్ప పేరు తెచ్చినవాడు, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని కొలువులో నుండిన రాజా దీనదయాళు. ఆయన 1905లో గతించెను. నాడు గాజుపలకలు, బరువైన పెట్టె, మూడుకాళ్ల స్టాండు మోసికొనిపోనిదే ఊరు దాటి ఒక్క పటమైనను తీయ వీలులేదు. నేడు ఆ పని చొక్కాజేబులో ఇమిడిపోయినది. కావున నా మాట యిది: మొదటి సంవత్సరము ఉన్న ఫోనుతోనే తీయనిండు. అప్పుచేసి కొనదగిన వస్తువు కాదు కెమెరా. ఏడాది తరువాతను ఆసక్తి నిలిచిన యెడల, వాడిన కెమెరా నొకదానిని పరీక్షించి కొనవచ్చును. దానికి 35 లేక 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి చాలును. దూరపు పక్షులను పట్టు పొడుగు లెన్సులు బరువు, ఖరీదు, తరచుగా పెట్టెలోనే నిద్ర. వానికంటె ముందు కొనవలసినవి అదనపు బ్యాటరీ, అదనపు కార్డు. మన వేసవి దుమ్ములో బయట నిలిచి లెన్సు మార్చరాదు.

ఇక వెలుతురు. కెమెరాలో వెలుతురు వచ్చు రంధ్రమును, అది తెరచియుండు కాలమును మార్చుకొనవచ్చును. నిండుటెండలో రంధ్రపు అంకె 16, ఐ.ఎస్.ఓ. 100 ఉంచిన, కాలము సెకనులో నూరవవంతు సరిపోవును. రంధ్రపు అంకెను 8కి దించిన వెలుతురు నాలుగింతలగును గనుక, కాలమును నాలుగువందలవ వంతునకు తగ్గించవలెను. ఇది మోటబావిలో బాన పెద్దదైన బారలు తగ్గించుట వంటి లెక్కయే. మధ్యాహ్నపు టెండలో తలపాగా క్రింది ముఖము నల్లబడును. ఉదయము ఎనిమిదింటిలోపల, సాయంకాలము ఐదు దాటిన పిమ్మట తీయుట మేలు.

ఈ విద్య నేర్పుటకు నల్లగొండ ప్రక్కనున్న పానగల్లులోని ఛాయాసోమేశ్వరాలయమును మించిన పాఠశాల లేదు. అచ్చట ఒక గర్భాలయమున లింగము వెనుక స్తంభపు నీడ పగలంతయు కదలక నిలుచును. సూర్యుడు తిరుగుచుండగా నీడ నిలుచుట యెట్లని పిల్లవాని నడుగుడు. లోనికి వచ్చునది తిన్నని యెండ కాదు, వెలుపల చెదరి వచ్చిన వెలుతురు. పూజారిగారి అనుమతి గైకొని, కెమెరాను గడపపై ఆనించి, నెమ్మదిగా తీయవలెను. ఫ్లాష్ వెలిగించితిరా, ఏ నీడకై పోయితిరో ఆ నీడయే పటములో మాయమగును!

సాగరమున అందరును ఆనకట్టనే తీయుదురు. 26 తలుపులు తెరచినపుడు చూడముచ్చటయే. కాని తుంపర లెన్సుపై పడును, కావలివారు వలదన్న చోట కెమెరా దించవలెను. ఎత్తిపోతలకు వానలు పడిన తరువాతనే పోవలెను. నాకు ముఖ్యముగా తోచునది నీటి అడుగున నున్నది. 1926లో వెలుగుచూచిన ఇక్ష్వాకుల విజయపురిని పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వరకు విరివిగా త్రవ్విరి. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. కొన్ని కట్టడములను విప్పి నాగార్జునకొండపైనను అనుపులోను తిరిగి నిలిపిరి. తక్కిన లోయ మునిగినది. అది యెట్లుండెనో చూడగోరువారికి నాడు తీసిన ఫోటోలు, గీసిన పటములే దిక్కు. మీ ఊరి మోటబావియు, మట్టిమిద్దెయు, గ్రామచావడియు ఎన్నేండ్లుండునో యెవరెరుగుదురు? కుర్రవాడు ఎత్తిపోతలకు పోకముందు వీనిని తీయవలెనని నా పట్టు.

మనుష్యులను తీయుటలో మరియొక విచారము కలదు. తండాలోని లంబాడీ స్త్రీల అద్దాల రవికెలు చూచి, అడుగక కెమెరా ఎత్తువా రున్నారు. మన జిల్లాకు ఫ్లోరైడు నీటివలన కలిగిన బాధ మీకు నేను చెప్పనక్కరలేదు. మర్రిగూడ వైపు ఊళ్లలో కాళ్లు వంకరపోయిన వారి పటములు తీసికొని పోయినవారు చాలమంది. ఆ పటములు కొన్ని యీ బాధను లోకమునకు తెలిపినవి, అది మేలే. కాని నేనొక ఊరిలో ఒక వృద్ధుని పలుకరింపగా, ఆయన, “నా కాళ్లను ఎందరో తీసిరి బాబూ, నా ముఖము నెవరును తీయలేదు” అనెను. నే నాయనను అరుగుపై కూర్చుండబెట్టి, నడుము పైభాగమును మాత్రమే తీసి, ప్రతిని టపాలో పంపితిని. పేరడిగి, సమ్మతి గైకొని, తీసిన పటమును వారికి చూపి, ఒక ప్రతి యిచ్చుట మీ పిల్లలకు మొదటనే నేర్పుడు.

కార్డులోని పటములు కార్డు చెడిన నాడు పోవును. మంచివానిని ఏడాదికి ఇరువదియైనను కాగితముపై అచ్చు వేయించి, వెనుక ఊరు, తేదీ, మనుష్యుల పేర్లు మెత్తని పెన్సిలుతో అంచున వ్రాయవలెను. సిరాతో వ్రాయరాదు, అది కాలక్రమమున ముందువైపునకు దిగును.