సైన్యపు బండిలో విహార సామగ్రి

అమెరికాలో సైన్యమునకు అక్కఱ తీరిన ట్రెయిలరు బండ్లను గృహస్థులు కొని, బాగుచేయించి, కారు వెనుక తగిలించుకొని అడవులలో గుడారములు వేసికొనుటకు పోవుచుందురు. అందు ఎం-416 అనునది పేరుపడినది. దీనిని జీపు లాగుటకై 1960ల నుండి చేసిరి. బాట లేని చోట 500 పౌనుల బరువు దీనికి మితము.

ఇనుప తొట్టి నీరు చొరనిది. నీటిపై తేలును గూడ. ఆ గుణమే ఇంటివారికి చిక్కు తెచ్చినది. వాననీరు లోన నిలిచి అడుగు తుప్పుపట్టును. కావున కొనునపుడు అడుగును, నీరు విడుచు బిరడాలను చూడవలయును. రంగు కడపటి పని యని మా యభిప్రాయము.

దీపములు 24 వోల్టులవి, కారు విద్యుత్తు 12 వోల్టులది. బల్బులు మార్చనిచో వెలుగు చాలక, రాత్రి వెనుక వచ్చువారికి బండి కానరాదు. ముందరి ఇనుపవలయము సామాన్యపు కారు కొక్కెమునకు పట్టదు, దానినిగూడ మార్పింపవలయును. ఇవి మెకానిక్కు చూచుకొనును.

సామాను సర్దుట మాత్రము మనదే గదా! అసలు ప్రమాద మిచ్చటనే యున్నది. బరువంతయు వెనుకకు చేరినచో, వేగమున పోవునపుడు బండి అటునిటు ఊగి కారునే త్రోవ తప్పించును. ఐదు గాలనుల నీటిడబ్బా యొక్కటియే 40 పౌనులు దాటును. అట్టివానిని ఇరుసునకు కొంచెము ముందుగా, అడుగున నుంచి, పరుపులు, దుప్పట్లు వెనుకకు చేర్పవలయును. పిల్లలెంత మారాము చేసినను అందు కూర్చుండనీయరాదు.