సెల్‌ఫోను మార్చవలసి వచ్చినప్పుడు
రుణగ్రహీతలకు, వ్యాపారులకు కొన్ని మెళకువలు

గత రబీ చివరలో రాయ్‌పూర్ జిల్లా అభన్‌పూర్ వైపు క్షేత్ర పర్యటనలో ఉండగా, ఒక స్వయం సహాయక బృంద సభ్యురాలు నా ముందు రెండు సెల్‌ఫోన్లు ఉంచారు. ఆమె పెద్దలు విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం పట్టుకొని శ్రీకాకుళం ప్రాంతం నుండి పనికై వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. కనుక మా సంభాషణ తెలుగులోనే సాగింది.

మొదటి ఫోను 2018లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘సంచార్ క్రాంతి యోజన’ క్రింద మహిళలకు ఉచితంగా పంచినది. బ్యాటరీ ఉబ్బి వెనుక మూత లేచిపోయింది. రెండవది సంతలో బిల్లు లేకుండా 3,500 రూపాయలకు కొన్నది. రెండు నెలలు పనిచేసి, ఆ పైన ఏ సిమ్ వేసినా సిగ్నలు అందుకోలేదు. విచారించగా అది ఎవరో పోగొట్టుకొన్న ఫోనని, అసలు యజమాని ఫిర్యాదుపై దానిని నిలిపివేశారని తేలింది.

“మోసపోయాను బాబూ. ఈసారి ఎలాంటిది కొనాలో మీరే చెప్పండి” అన్నారామె.

ఈ ప్రశ్న ఆమె ఒక్కరిది కాదు. ఆనాడు పంచిన ఫోన్లకు కాలం చెల్లుతున్నది. నేడు ఫోను కేవలం మాట్లాడే సాధనం కాదు. మహతారీ వందన్ సొమ్ము జమ అయిన కబురు దానికే వస్తుంది. ధాన్యం అమ్మకానికి ‘టోకెన్ తుంహర్ హాథ్’ ఆప్ దానిలోనే తెరవాలి. యు.పి.ఐ. చెల్లింపులు దాని ద్వారానే జరగాలి. ఒక విధంగా అది జేబులోని పాస్‌బుక్కు, పెట్టె తాళంచెవి కూడా. ఎద్దును కొనేటప్పుడు పళ్లు పట్టి చూచే రైతు, ఫోను విషయంలో రంగును, కెమెరాల సంఖ్యను చూచి మురిసిపోవడం తగదు.

బాగు చేయించాలా, మార్చాలా?

బ్యాటరీ మాత్రమే చెడితే కొత్త బ్యాటరీ వేయించుకోవడమే పొదుపు. కాని ఫోనులోని ఆండ్రాయిడ్ మరీ పాతదైతే, మరమ్మతుపై పెట్టే ఖర్చు వృథా అవుతుంది. ఉదాహరణకు, ఆండ్రాయిడ్ 5 కంటె పాత ఫోన్లలో 2023 అక్టోబరు నుండి వాట్సాప్ పనిచేయడం మానింది. బ్యాంకు ఆప్‌లూ ఇదే విధంగా పాత ఫోన్లను వదలివేస్తూ ఉంటాయి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చరాదు, ఛార్జింగు పెట్టరాదు. దానిని దుకాణంలో అప్పగించడం క్షేమం.

కొనేటప్పుడు చూడవలసినవి

అన్నింటికంటె ముఖ్యం భద్రతా సవరణలు. కంపెనీ ఇంకా ఎన్ని సంవత్సరాలు వాటిని పంపుతుందో అడగాలి. సెట్టింగులలో చివరి భద్రతా సవరణ తేదీ కనబడుతుంది. అది ఏడాది క్రిందటిదైతే, కొత్త పెట్టెలో ఉన్నప్పటికీ ఆ ఫోను పాతదే.

మన అవసరాలకు 4 జి.బి. రామ్, 64 జి.బి. నిల్వ ఉంటే సరిపోతుంది. 2023లో ప్రధానమంత్రి కిసాన్ ఆప్‌లో ముఖం చూపి ఇ-కె.వై.సి. చేసే సదుపాయం వచ్చింది గనుక, వెనుక కెమెరాల కంటె ముందు కెమెరా స్పష్టతే మనకు ముఖ్యం. 5జి కోసం అదనంగా చెల్లించే ముందు మన ఊరిలో ఆ సిగ్నలు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవాలి.

బటన్ల ఫోనే చాలుననుకొనేవారు 4జి ఫోను తీసుకొనడం మంచిది. జియో సిమ్ 2జి ఫోనులో పనిచేయదు. 2022 మార్చిలో ప్రారంభమైన ‘యు.పి.ఐ. 123పే’ ద్వారా బటన్ల ఫోనుతోనూ డబ్బు పంపవచ్చు.

వాడిన ఫోనైతే *#06# నొక్కి, తెరపై వచ్చే 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను బిల్లుతో సరిచూడాలి. ఇంగ్లీషు అక్షరాలలో కె.వై.ఎం. అని వ్రాసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్య చేర్చి 14422కు సందేశం పంపితే ఆ ఫోను వివరాలు వస్తాయి. సొమ్ము చేతులు మారకముందే ఈ పని జరగాలి. మన సోదరి విషయంలో జరగనిది ఇదొక్కటే.

‘సున్నా వడ్డీ’ లెక్క

రొక్కానికి 11,400 రూపాయలకు వచ్చే ఫోనును 12,000కు, నెలకు 2,000 చొప్పున ఆరు వాయిదాలలో ఇస్తామన్నారనుకొందాం. ముందుగా 600 రూపాయలు రుసుము. వడ్డీ సున్నా అంటారు. కాని అదనంగా చెల్లించినది 1,200 రూపాయలు. లెక్క కడితే సాలుకు నూటికి దాదాపు 37 రూపాయల వడ్డీ పడుతుంది. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది.

2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో పంట పరిమితిపై 10 శాతం గృహావసరాలకు, కోత అనంతర ఖర్చులకు చేర్చబడింది. తప్పనిసరైతే ఆ మేరకే వాడుకోవాలి. ఎరువుల సొమ్మును ఫోనుకు మళ్లిస్తే చేను ఎండుతుంది, బాకీ మిగులుతుంది.

పాత ఫోనును వెంటనే ఇవ్వకండి

దుకాణంలో ఉచితంగా వచ్చే కొత్త సిమ్‌కు ఆశపడి ఖాతాకు జతచేసిన నంబరును వదలరాదు. చాలాకాలం వాడని నంబరు మరొకరికి వెళ్లవచ్చు. అప్పుడు మీ ఖాతా సందేశాలు పరాయివారి చేతిలో పడతాయి. నంబరు మార్చక తప్పనప్పుడు ముందుగా బ్యాంకు శాఖలో తెలియజేయాలి.

పాత సిమ్‌ను కొత్త ఫోనులో వేసి, యు.పి.ఐ. నమోదు చేసి, ఒక రూపాయి పంపి చూచుకొనిన తరువాతనే పాతదానిలోని ఖాతాలన్నీ తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మెమరీ కార్డు తీసి ఇవ్వాలి. సాయం చేసే కుర్రవాడు ఎంత మంచివాడైనా పిన్ చెప్పకూడదు. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.

వ్యాపారి మిత్రులకు

ఫోన్లపై జి.ఎస్.టి. 2020 ఏప్రిల్ నుండి 18 శాతం. పన్ను మిగులుతుందని బిల్లు మానుకొమ్మనే సలహా కొనుగోలుదారునికి కీడు చేస్తుంది. బిల్లుపై ఐ.ఎం.ఇ.ఐ. వ్రాయడం, సవరణల గడువు నోటితో చెప్పడం, వాడిన ఫోను కొనేటప్పుడు అమ్మినవారి గుర్తింపు ఉంచుకోవడం అనే మూడు అలవాట్లు మీ దుకాణానికి పేరు తెస్తాయి, పోలీసు విచారణల నుండి కాపాడతాయి.

ఆ సోదరి చివరకు రాయ్‌పూర్ రవి భవన్‌లో మధ్యరకం ఫోను ఒకటి రొక్కానికి కొన్నారు. మరుసటి బృంద సమావేశంలో ఫోనుకంటె ముందు బిల్లు తీసి చూపారు. దానిని పాస్‌బుక్కు అట్టలోనే భద్రపరచుకున్నారు. అది ఉండవలసిన చోటు అదే.