ఢిల్లీ లేఖ: సాకు చెప్పడానికి వీలులేని చోటు

2025 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ శాసనసభ దగ్గుమందు మీద దద్దరిల్లింది. కోడీన్ కలిసిన సిరప్ అక్రమ రవాణా గురించి ప్రతిపక్షం నిలదీసింది. ప్రభుత్వం తాను తీసుకొన్న చర్యలను ఏకరువు పెట్టింది. ఎవరి హయాములో ఎవరికి లైసెన్సులు దక్కాయన్న వాదులాట సాగింది. అందులో నిజమెంత, రాజకీయమెంత అన్న విషయం అలా ఉంచుదాం. అక్కడ అడగడానికి ఒక సభ ఉన్నది. జవాబు చెప్పవలసిన ముఖ్యమంత్రి ఉన్నాడు. అదే సీసా బంగాళాఖాతం దాటి అండమాన్ చేరితే అడిగే సభ లేదు, జవాబు చెప్పే మంత్రి లేడు. ఈ వారం దగ్గుమందు కథను ఆ దీవుల వైపు నుంచి చూడాలని నాకు తోచటానికి కారణం ఇదే.

అండమాన్ నికోబార్ దీవులు 1956 నవంబరు 1న కేంద్రపాలిత ప్రాంతమైనవి. శాసనసభ లేదు. రాజ్యసభలో స్థానం లేదు. లోక్‌సభలో ఒక్క సభ్యుడు. రాజ్యాంగం 240వ అధికరణం ప్రకారం అక్కడి శాంతి సౌభాగ్యాలకు అవసరమైన నిబంధనలను రాష్ట్రపతి, అనగా కేంద్ర ప్రభుత్వం, స్వయంగా చేయవచ్చు. లెఫ్టినెంట్ గవర్నరును పంపేదీ ఢిల్లీయే, పద్దులు మంజూరు చేసేదీ ఢిల్లీయే. రాష్ట్రాల విషయంలో కేంద్రానికి ఎప్పుడూ ఒక సాకు చేతిలో ఉంటుంది. ఆరోగ్యం రాష్ట్రాల అంశమనీ, మందుల దుకాణాలపై తనిఖీ రాష్ట్రాల పని అనీ పార్లమెంటులో మంత్రులు చెప్పే జవాబును పత్రికా గ్యాలరీలో కూర్చుని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అండమాన్‌లో ఆ జవాబు చెల్లదు. అక్కడ కుడిచేయీ ఢిల్లీదే, ఎడమచేయీ ఢిల్లీదే.

ఈ దీవులు తెలుగువారికి పరాయి నేల కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 3,80,581 మందిలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. రంప పితూరీలో శిక్షపడిన మన్యం వీరులను తెల్లదొరలు అక్కడి చెరసాలకే పంపించారు. తరువాతి తరాలలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి కూలికీ, చేపల వేటకూ, వర్తకానికీ, ఉద్యోగాలకూ వెళ్ళినవారు అక్కడే స్థిరపడిపోయారు. విశాఖ రేవు నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటితే పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీ విజయపురం. ఆ ఊరిలో ఒక కుర్రవాడు మత్తుకు బానిస అయితే, అతని మేనమామ సోంపేటలోనో, భీమునిపట్నంలోనో ఉండే అవకాశం తక్కువేమీ కాదు.

ఇక ఆ సీసాలో ఏమున్నదో చూద్దాం. మన భాషలో మందు అనే మాట ఒకటే రోగాన్ని మాన్పేదానికీ, మత్తెక్కించేదానికీ చెల్లుతుంది. కోడీన్ విషయంలో ఈ రెండు అర్థాలూ నిజమే. అది నల్లమందు నుంచి పుట్టిన పదార్థం. 1832లో రొబికె అనే ఫ్రెంచి రసాయనవేత్త దానిని వేరుచేశాడు. మన దేశంలో నల్లమందు సాగు కేంద్రం ఇచ్చే లైసెన్సుపై మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో జరుగుతుంది. ఘాజీపూర్, నీమచ్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు నల్లమందును శుద్ధిచేసి అందులోని క్షారాలను వేరుచేస్తాయి. కనుక ఈ సరుకు పుట్టుక దగ్గరే కేంద్ర ప్రభుత్వపు ముద్ర ఉన్నది.

కడుపులో పడిన కోడీన్‌లో కొంత భాగాన్ని కాలేయం మార్ఫీన్‌గా మారుస్తుంది. ఈ మార్పు అందరిలోనూ ఒకే తీరున జరగదు. కొందరి శరీరంలో అది అతివేగంగా జరుగుతుంది; అటువంటివారికి మామూలు మోతాదే ప్రాణాంతకం కావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకు కోడీన్ వాడరాదని ఆదేశించినది ఈ కారణం చేతనే.

చిన్న లెక్క ఒకటి వేద్దాం. పేరుమోసిన పాత సిరప్‌లలో 5 మిల్లీలీటర్ల చెంచాకు 10 మిల్లీగ్రాముల కోడీన్, 4 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమిన్ ఉండేవి. నూరు మిల్లీలీటర్ల సీసాను గటగటా తాగినవాడు 200 మిల్లీగ్రాముల కోడీన్, 80 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమిన్ మింగినట్లు. దగ్గుకు పెద్దవారు రోజు మొత్తం మీద తీసుకోదగిన కోడీన్ 120 మిల్లీగ్రాములకు మించరాదు. క్లోర్‌ఫెనిరమిన్‌కు హద్దు 24. అంటే రోజంతటికీ చెప్పిన హద్దును మొదటిది ఒకటిన్నర రెట్లకు పైగా, రెండవది మూడు రెట్లకు పైగా ఒక్క గుక్కలో దాటిపోతాయి. బానిస అయినవాడు ఒక్క సీసాతో ఆగడు.

సారాకు వాసన ఉంటుంది. గంజాయికి పొగ ఉంటుంది. దగ్గుమందుకు రెండూ లేవు. పుస్తకాల సంచిలో సీసా కనబడినా తల్లి బిడ్డకు జలుబు చేసిందేమో అనుకొంటుంది. అందుకే ఇది ఇంట్లోవారి కంటబడేసరికి ఆలస్యమైపోతుంది. మొదట హాయి, ఆ తరువాత మగత, మలబద్ధకం, చదువు మీదా పని మీదా విముఖత. మోతాదు పెరిగినకొద్దీ ఊపిరి మందగిస్తుంది. మద్యంతోనో, నిద్రమాత్రలతోనో కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. క్లోర్‌ఫెనిరమిన్ అతిగా పడితే మూర్ఛలు రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. సిరప్‌లోని చక్కెర పళ్ళను తినేస్తుంది. మానుదామని ప్రయత్నిస్తే కళ్ళూ ముక్కూ కారటం, ఆవులింతలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, ఒళ్ళు నొప్పులు, నిద్ర పట్టకపోవటం. ఆ యాతన భరించలేక మళ్ళీ సీసా ఎత్తేవాడిని ఇరుగుపొరుగు బలహీనుడంటారు. వైద్యుడు రోగి అంటాడు. వైద్యుడి మాటే సరియైనది.

కోడీన్ లేని సిరప్ నిరపాయమనే నమ్మకమూ మంచిది కాదు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనే పదార్థాన్నీ మత్తు కోసం తాగేవారున్నారు. 2012 చివరలో పాకిస్తాన్‌లోని లాహోర్, గుజ్రాన్‌వాలాలలో ఇటువంటి సిరప్ తాగి పదుల సంఖ్యలో మరణించారు. వారిలో అత్యధికులు మత్తు కోసం తాగినవారే. ఆ సిరప్‌లలోకి లెవోమెథార్ఫాన్ అనే బలమైన మత్తు పదార్థం కలిసిందని పరీక్షలో తేలింది. ఆ ముడిసరుకు వెళ్ళినది మన దేశం నుంచి. మత్తు కోసం తాగేవాడు సీసాపై అచ్చువేసిన మాటను నమ్మి ప్రాణం ఒడ్డుతున్నాడు. ఆ అచ్చును నమ్మదగినదిగా ఉంచవలసినది ప్రభుత్వం.

ఆ ప్రభుత్వం చేసినదేమిటి? 2014 మార్చి 1 నుంచి కోడీన్‌ను హెచ్-1 షెడ్యూలులో చేర్చారు. వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. రోగి పేరు, వైద్యుని పేరు, అమ్మిన పరిమాణం దుకాణదారు పుస్తకంలో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. 2014లో నియమించిన నిపుణుల సంఘానికి, వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయానికి లోగడ ఉపాధ్యక్షులుగా ఉన్న ఆచార్య చంద్రకాంత్ కొకాటే అధ్యక్షత వహించారు. ఆ సంఘం సిఫారసుపై 2016 మార్చి 10న 344 మిశ్రమ ఔషధాలను నిషేధించారు. కోడీన్, క్లోర్‌ఫెనిరమిన్ మిశ్రమం అందులో ఒకటి. కంపెనీలు కోర్టుకెక్కాయి. అదే ఏడాది డిసెంబరు 1న ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని కొట్టివేసింది. సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో వ్యవహారాన్ని పునఃపరిశీలనకు పంపింది. 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాలపై మళ్ళీ నిషేధం వచ్చింది. 1988కి ముందే లైసెన్సు పొందామన్న కొన్ని మందులకు మాత్రం అప్పుడు మినహాయింపు దొరికింది. చివరకు 2023 జూన్ 2న మరో 14 మిశ్రమాలను నిషేధిస్తూ ఈ దగ్గుమందునూ ఆ జాబితాలో చేర్చారు. మొదటి ఉత్తర్వుకూ దీనికీ మధ్య ఏడేళ్ళు గడిచినవి. ఈలోగా కోడీన్‌కు వేరొక మందును జతచేసిన సిరప్‌లు బజారులో నిలదొక్కుకొన్నవి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు; ఇక్కడ దేవుడే వాయిదాల మీద వరమిచ్చాడు.

రాజధానిలో ఈ సీసాకు నలుగురు యజమానులున్నారు. మందుల చట్టం ఆరోగ్య శాఖది. నల్లమందు సాగు, కోటాలు ఆర్థిక శాఖవి. మాదక ద్రవ్యాల నిరోధక సంస్థ హోం శాఖ కింద పనిచేస్తుంది. వ్యసనపరుల చికిత్సా కేంద్రాలకు సహాయం సామాజిక న్యాయ శాఖ నుంచి పోతుంది. నలుగురి ఆవు పాలు పితికేవేళ అందరిదీ, మేత వేసేవేళ ఎవరిదీ కాదు.

నిషేధాలతోనే పని జరుగుతుందా అన్నది మరొక ప్రశ్న. బంగ్లాదేశ్ 1982లో ఫెన్సిడిల్‌ను నిషేధించింది. దశాబ్దాల తరువాత కూడా మన సరిహద్దు దళాలు ఆ దేశానికి దొంగచాటుగా పోతున్న సీసాలను మూటలు మూటలుగా పట్టుకొంటూనే ఉన్నాయి. నైజీరియా 2018 మే 1న కోడీన్ సిరప్ తయారీనీ, దిగుమతినీ ఆపివేసింది. బి.బి.సి. ప్రసారం చేసిన ఒక పరిశోధనాత్మక చిత్రం అక్కడి ప్రభుత్వాన్ని కదిలించింది. నిషేధం అవసరమే. కాని తలుపు మూసినంత మాత్రాన లోపలివాడి దాహం తీరదు. అతడు కిటికీ వెతుకుతాడు.

అండమాన్‌లో ఆ కిటికీ సముద్రమంత పెద్దది. మందులు ఆ దీవులకు ప్రధానంగా రేవుల నుంచీ, విమానాశ్రయం నుంచీ దిగాలి. దేశంలో మరే జిల్లాలోనూ సరుకుపై ఇంత సులభంగా నిఘా ఉంచలేము. కాని 2024 నవంబరులో తీరరక్షక దళం అండమాన్ జలాలలో మయన్మార్ పడవ ఒకటి పట్టుకొంటే అందులో సుమారు 6,000 కిలోల మెథాంఫెటమిన్ దొరికింది. దాని ముందు దగ్గుమందు పసిపిల్లల ఆట. సీసా దొరకని కుర్రవాడికి చికిత్స కూడా దొరకకపోతే, అతనికోసం ఎదురుచూస్తున్న సరుకు ఇటువంటిది.

సముద్రం తెచ్చిపడేసే విషం ఎంత పని చేయగలదో ఆ దీవులు ఒకసారి చూశాయి. 2008 డిసెంబరులో లిటిల్ అండమాన్ దీవి డుగాంగ్ క్రీక్ వద్ద ఒడ్డుకు కొట్టుకువచ్చిన డబ్బాలోని ద్రవాన్ని సారా అనుకొని తాగి ఎనిమిదిమంది ఓంగే పురుషులు మరణించారు. ఆ జాతి మొత్తం జనసంఖ్య అప్పటికి నూరు దాకా మాత్రమే. మత్తు అలవాటు వారి అడవిలో పుట్టినది కాదు. పంతొమ్మిదవ శతాబ్దంలో బ్రిటిష్‌వారు అండమానీయులను మచ్చిక చేసుకోవటానికి పెట్టిన ఆశ్రమాల కాలం నుంచీ పొగాకు, నల్లమందు, సారాయి బయటివారి వెంటే ఆ ప్రజల మధ్యకు వచ్చినవి. అడిగే గొంతులేని చోట మత్తు ఎంత దూరం పోతుందో చెప్పటానికి ఇంతకు మించిన దృష్టాంతం ఉండదు.

కేంద్రం చేయదగిన పనులు గొప్ప చట్టాలేమీ కోరవు. మొదటిది, దీవులకు చేరే ప్రతి కోడీన్ పెట్టెకూ రేవులో ఒక లెక్క, దుకాణాల హెచ్-1 పుస్తకాలలో ఒక లెక్క ఉండాలి. ప్రతి నెలా ఆ రెండింటినీ సరిపోల్చాలి. దీవులలో ఇది గుమాస్తా పని. రెండవది చికిత్స. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం నల్లమందు జాతి పదార్థాల వలన సహాయం అవసరమైనవారు దేశంలో సుమారు 77 లక్షలు. మాదక ద్రవ్యాలకు బానిసలైనవారిలో ఆస్పత్రిలో చేర్చుకొని చేసే చికిత్స ఎన్నడైనా పొందినవారు ఇరవైమందిలో ఒకరు. బ్యూప్రినార్ఫిన్ వంటి ప్రత్యామ్నాయ ఔషధంతో, వైద్యుని పర్యవేక్షణలో ఈ వ్యసనాన్ని లొంగదీయవచ్చు. శ్రీ విజయపురంలోని జి.బి. పంత్ ఆస్పత్రిలోనే కాక నికోబార్ దీవులలోనూ, డిగ్లీపూర్ వంటి దూరపు ఊళ్ళలోనూ ఆ మందు, ఆ వైద్యుడు అందాలి. జ్వరం వచ్చినవాడు ఓడకోసం ఆగగలడేమో గాని, మానాలన్న సంకల్పం ఓడ వచ్చేదాకా ఆగదు.

మూడవది, భయం తీర్చటం. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరునికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే 64-ఎ సెక్షను మాదక ద్రవ్యాల చట్టంలోనే ఉన్నది. 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు. ఈ రెండు మాటలూ తెలుగు, బెంగాలీ, తమిళం, నికోబారీ భాషలలో ప్రతి ఓడరేవులోనూ, పాఠశాలలోనూ కనబడాలి.

ఇవన్నీ జరిగాయో లేదో చెప్పే నివేదిక ఏడాదికొకసారి పార్లమెంటు ముందుకు రావాలి. అండమాన్ ప్రజలకు శాసనసభ లేని లోటును పూరించవలసినది ఆ పార్లమెంటే. తెలుగు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభలో ఉన్నారు. అండమాన్ సభ్యుడు ఒంటరివాడు. ఆ దీవులలో మన భాష మాట్లాడే వేలాది కుటుంబాల తరఫున 42 మందిలో ఒక్కరు ప్రశ్నోత్తరాల సమయంలో లేచి, రేవులో దిగిన సీసాలెన్ని, చికిత్సకు వచ్చిన కుర్రవాళ్ళెందరు అని అడిగితే చాలు. రాష్ట్రాల మీదికి నెట్టే జవాబు ఆ రోజు మంత్రికి అక్కరకు రాదు.