సడలిన చైను, అణిగి ఉన్న స్ప్రింగు

ఎర్రమట్టి మెట్టభూములు, పెన్నా, జయమంగళి నదుల ఇసుక కలగలిసిన హిందూపురం దగ్గరి పరిగి పరిసరాల్లో చెరువు పూడిక తీయవలసి వచ్చినా, ఎగుడుదిగుడు చేనును చదును చేయవలసి వచ్చినా, టైర్ల బండి కూరుకుపోయే చోటికి చైను బండినే రప్పిస్తారు. యంత్రం బరువునంతటినీ నాలుగు చక్రాల కింద కుప్పగా మోపక, ఇనుప చైను పొడవునా పరచడం వల్ల మెత్తని నేల కూడా దానిని మోయగలుగుతుంది. ఆ చైనును తగిన బిగువులో నిలిపే భాగాలు బయటికి కనిపించవు. అందువల్లనే పాత యంత్రాల్లో అవి అన్నింటికంటే ఆలస్యంగా మరమ్మతుకు నోచుకుంటాయి.

బెంజమిన్ హోల్ట్ అనే అమెరికన్ 1904 నవంబరులో కాలిఫోర్నియాలోని స్టాక్టన్ వద్ద ఆవిరి ట్రాక్టరుకు చక్రాలకు బదులు చైను తొడిగి పరీక్షించాడు. ఆయన సంస్థ, దాని ప్రత్యర్థి అయిన బెస్ట్ సంస్థ 1925లో విలీనమై కాటర్‌పిల్లర్‌గా ఏర్పడ్డాయి. స్వతంత్ర భారతదేశంలో రెల్లుజాతి కలుపు పట్టిన బీడు భూములను దున్నించే యంత్రాల కోసం 1949లోనే ప్రపంచ బ్యాంకు నుంచి కోటి డాలర్ల రుణం మంజూరైంది. 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ జపాను సంస్థ కొమత్సు సహకారంతో డోజర్లను తయారుచేసింది. హిందూపురానికి ఆగ్నేయాన, తెలుగు ధారాళంగా వినిపించే కోలారు బంగారు గనుల పట్టణంలోనే ఆ సంస్థ కర్మాగారం ఉన్నందున దక్షిణాదిలోని పాత డోజర్లలో కొమత్సు తరహా నిర్మాణం ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ పాత డోజర్లలో చైనును లాగే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్టు, వెనుక ఉంటుంది. ముందున్న పళ్లు లేని పెద్ద చక్రాన్ని ఐడ్లరు అంటారు. ఐడ్లరు ఒకేచోట బిగించినది కాదు; దానిని పట్టుకున్న యోకు అనే ఇనుప చట్రం ట్రాకు ఫ్రేము మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. యోకు వెనుక సర్దుబాటు కడ్డీ, దాని వెనుక రీకాయిల్ స్ప్రింగు అనే బలమైన చుట్ట స్ప్రింగు ఉంటాయి. స్ప్రాకెట్టుకూ చైనుకూ మధ్య రాయి ఇరుక్కున్నా, ముందు భాగం బండకు గుద్దుకున్నా ఆ స్ప్రింగు అణిగి, ఐడ్లరు వెనక్కి జరిగి, చైను తెగకుండా కాపాడుతుంది. రోజువారీ బిగువును సవరించడం మాత్రం స్ప్రింగు పని కాదు. ఆ పనికి బాగా పాత నమూనాల్లో మరలున్న లావుపాటి కడ్డీ ఉండేది, దానిని పెద్ద స్పానరుతో తిప్పేవారు. తరువాతి నమూనాల్లో ఒక సిలిండరులోకి గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కిస్తే పిస్టను బయటికి వచ్చి ఐడ్లరును ముందుకు నెడుతుంది. నేటి పొక్లెయిన్లలోనూ ఇదే గ్రీజు పద్ధతి ఉంది.

చైను వదులైన ప్రతిసారీ గ్రీజు ఎక్కించి ఊరుకోవడం పాత యంత్రాల విషయంలో పెద్ద పొరపాటు, ఎందుకంటే వదులు కావడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కారణాలున్నాయి. బిగించిన కొద్ది గంటల్లోనే చైను మళ్లీ సడలితే సిలిండరులోని సీలుగానీ గ్రీజును పట్టి ఉంచే వాల్వుగానీ కారుతున్నట్లు భావించాలి. వారాల తరబడి మెల్లగా సడలుతూ ఉంటే లోపం సిలిండరులో లేదు, చైనులోనే ఉంది: లింకులను కలిపే పిన్నులూ వాటి చుట్టూ ఉండే బుష్షులూ ఇసుక రాపిడికి అరిగి, చైను మొత్తం పొడవు పెరుగుతుంది. ఒక చైనులో 38 లింకులున్నాయని, ఒక్కొక్క కీలు వద్ద 3 మిల్లీమీటర్ల అరుగుదల ఏర్పడిందని అనుకుంటే, చైను పొడవు 114 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దానిని సర్దడానికి ఐడ్లరు అందులో సగం, సుమారు 57 మిల్లీమీటర్లు, ముందుకు జరగవలసి వస్తుంది. పిస్టను చివరిదాకా వచ్చేసిన తరువాత ఎంత గ్రీజు కొట్టినా ప్రయోజనం లేదు. ఈ దశలో ఒక లింకును కోసి తీసివేయడం చవకైన ఉపాయంగా తోచవచ్చు గాని, మిగిలిన లింకుల మధ్య దూరం అప్పటికే పెరిగి ఉన్నందున స్ప్రాకెట్టు పళ్లకూ చైనుకూ పొత్తు కుదరక రెండూ త్వరగా పాడవుతాయి. లాగుడు ఎప్పుడూ ఒకే దిక్కున ఉన్నందున పిన్నూ బుష్షూ ఒక పక్కనే అరుగుతాయి. కాబట్టి హైడ్రాలిక్ ప్రెస్సుతో వాటిని ఊడదీసి 180 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగిస్తే అరగని పక్క పనిలోకి వస్తుంది. సరైన వైద్యం ఇదే.

లోపం నిజంగా సిలిండరులోనే ఉంటే ముందుగా గ్రీజు ఒత్తిడిని వదిలి, చైను రెండు కొసలను కలిపే మాస్టరు పిన్నును తీసి దానిని విప్పి, ఐడ్లరును యోకుతో సహా ముందుకు లాగి, సిలిండరును బయటికి తీయాలి. సీలు మార్చడం సులభం. అయితే క్రోమియం పూత లేచిపోయి గీతలు పడిన కడ్డీ మీద కొత్త సీలు వేస్తే అది కొద్ది రోజుల్లోనే చినుగుతుంది. అటువంటి కడ్డీకి పూత తిరిగి వేయించాలి, లేదా కొత్తది చేయించాలి. యోకు జారే పలకలు అరిగి ఐడ్లరు పక్కకు ఊగుతున్నదేమో కూడా అప్పుడే చూడాలి; అది వంకరగా నిలిస్తే చైను పట్టు తప్పడమే కాక కడ్డీ మీద పక్కవాటు భారం పడి సీలు మళ్లీ దెబ్బతింటుంది.

ఈ పనిలో ప్రాణాపాయం రెండు చోట్ల పొంచి ఉంది. గ్రీజు వదిలే ప్లగ్గును ఒక చుట్టు కంటే ఎక్కువ తిప్పకూడదు. ముఖాన్నిగానీ చేతినిగానీ దాని ఎదుట ఉంచకూడదు, ఎందుకంటే లోపలి ఒత్తిడికి ప్లగ్గు ఎగిరిపడవచ్చు, సన్నని గ్రీజు ధార చర్మాన్ని చీల్చి లోపలికి దిగవచ్చు. రీకాయిల్ స్ప్రింగు మరింత ప్రమాదకరమైనది. చైను విప్పినప్పటికీ అది టన్నుల బలంతో అణచబడి, ఒక బోల్టు ఆధారంగా నిలిచి ఉంటుంది. తుప్పు పట్టిన ఆ బోల్టును గ్యాసుతో కోయడం ఆత్మహత్యతో సమానం. దానిని తగిన ప్రెస్సులో బిగించి, బలాన్ని క్రమంగా వదులుతూనే విప్పాలి.

బిగించిన తరువాత యంత్రాన్ని చదును నేల మీద కొద్దిగా ముందుకు నడిపి, బ్రేకు వేయకుండా ఆగనిచ్చి, చైను పై వరుసను మోసే రోలరుకూ ఐడ్లరుకూ మధ్య చైను మీద తిన్నని కడ్డీ ఉంచి కుంగుదలను కొలుస్తారు. కొమత్సు తరహా మధ్యస్థాయి డోజర్లలో అది 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. తడిమట్టిలో పనిచేసేటప్పుడు స్ప్రాకెట్టు పళ్ల సందుల్లో మట్టి గట్టిగా పేరుకొని చైను దానంతట అదే బిగుస్తుంది కనుక, కడిగిన యంత్రం మీద షెడ్డులో తీసిన కొలతను నమ్మి చెరువులోకి దించితే పిన్నులూ ఐడ్లరు బేరింగులూ ఆ అదనపు బిగువును భరించవలసి వస్తుంది. అందువల్ల పని జరిగే చోటనే, మట్టి అంటుకొని ఉన్న స్థితిలోనే మరొకసారి కొలిచి, అవసరమైనంత గ్రీజును వదలాలి.