డెకరేటర్లు ఎన్నన్న పెట్టుండ్రి.. వరుస తప్పితే మాత్రం గోసే

పైథాన్ నేర్సుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువ అడిగేది డెకరేటర్ల గురించే. ఫంక్షన్ నెత్తి మీద @ గుర్తు పెట్టి ఒక పేరు రాస్తరు. లోపలి కోడ్ ముట్టుకోకుండనే దాని పనితీరు మారిపోతది. 2004ల పైథాన్ 2.4తోని గీ రాత పద్ధతి వచ్చింది. ఒక్క డెకరేటరైతే ఎవలన్న అర్థం చేసుకుంటరు. క్లాసులున్న ఒకే మెథడ్ మీద రెండు మూడు పెట్టినప్పుడే అసలు లొల్లి మొదలైతది.

సద్ది కట్టుడు యాదికి తెచ్చుకోండ్రి. గిన్నెల అన్నం పెడ్తం, దాని మీద మూత పెడ్తం, ఆఖరికి బట్టతోని మూట గడ్తం. పొలం కాడ తినేటప్పుడు ముందు ముడి ఇప్పాలె, ఆ తర్వాతనే మూత తియ్యాలె. డెకరేటర్లు గూడ గంతే. పైథాన్ అన్నిటికన్న కిందున్న డెకరేటర్‌ను మెథడ్‌కు ముందు చుడ్తది, తర్వాత దాని పైదాన్ని. కాని మెథడ్‌ను పిలిచినప్పుడు ముందు నడిచేది పైనున్నదే. చుట్టుడు కిందినుంచి పైకి, నడుసుడు పైనుంచి కిందికి.

ఇంటర్వ్యూల గీ ఒక్క ముక్క చెప్తె పనైపోతదని చానమంది బట్టీ పడ్తరు. బట్టీ పడితే సరిపోదని నేనంట. ఎందుకో ఒక ఉదాహరణతోని చెప్త.

ఒక కాలేజీ మార్కుల వెబ్‌సైట్ అనుకుందాం. దాంట్ల ఒక క్లాస్, ఆ క్లాసుల రోల్ నంబర్ తీసుకొని మార్కులిచ్చే మెథడ్. సర్వర్ల గా క్లాస్ ఆబ్జెక్ట్ ఒక్కటే ఉంటది, అందరికీ అదే పని చేస్తది. మెథడ్ మీద రెండు డెకరేటర్లు పెట్టినం. ఒకటి అనుమతి. లాగిన్ అయిన మనిషెవరో సెషన్ల చూసి, హక్కు లేకుంటె ఎర్రర్ ఇచ్చి ఆపేస్తది. రెండోది క్యాష్. ఒక్కసారి వచ్చిన జవాబును దాచిపెట్టుకొని, మళ్ల అదే రోల్ నంబర్ అడిగితే డేటాబేస్ దాంక పోకుండ ఇచ్చేస్తది. ఫంక్‌టూల్స్‌ల ఉన్న ఎల్‌ఆర్‌యూ క్యాష్ గిసొంటిదే.

ఇప్పుడు గిట్ల రాసినం అనుకోండ్రి:

@క్యాష్
@అనుమతి

కింద మార్కుల మెథడ్. చూస్తె ఏం తప్పు కనవడదు, ఎర్రర్ గూడ రాదు. పొద్దుగాల ఒక పిల్ల లాగిన్ అయ్యి తన మార్కులు చూసుకున్నది. క్యాష్ వాటిని దాచింది. మధ్యాహ్నం ఇంకొకడు అదే రోల్ నంబర్ కొట్టిండు. ముందు నడిచేది క్యాష్ కద! దానికి తెల్సింది సెల్ఫ్, రోల్ నంబర్ రెండే. అడుగుతున్నది ఎవలో దానికి తెల్వదు. దాచిన జవాబు తీసి చేతుల పెట్టింది. అనుమతి డెకరేటర్ దాంక కతే పోలె. ఆ పిల్ల మార్కులు పరాయోని కండ్లల్ల పడ్డయి. మార్కుల జాగల బ్యాంకు ఖాతా, దవాఖాన రిపోర్టు పెట్టుకొని చూడుండ్రి, సంగతి ఎంత పెద్దదో సమజైతది.

మందు అల్కటిదే. అనుమతి పైకి, క్యాష్ కిందికి. కని గిది తప్పని పట్టుకునేదెట్ల? టెస్ట్ రాయాలె. గీడ గూడ ఒక మెలిక ఉన్నది. "హక్కు లేనోడు అడిగితే ఆపాలె" అని ఒక్క టెస్టే రాస్తే, తప్పు వరుసల గూడ అది పాసైతది. ఎందుకంటె గప్పటికి క్యాష్‌ల ఏం లేదు, అందుకే అనుమతి దాంక పోయి ఆగుతది. ఎల్‌ఆర్‌యూ క్యాష్ ఎర్రర్‌ను దాచుకోదు గూడ. అందుకే టెస్టుల ముందు హక్కున్న మనిషితోని పిలవాలె, తర్వాత అదే రోల్ నంబర్‌ను హక్కు లేనోనితోని పిలవాలె. రెండోసారి ఎర్రర్ రాకుంటె వరుస తప్పినట్టే. ఒక్కో టెస్ట్ మొదలుపెట్టే ముందు క్యాష్_క్లియర్ పిలిచి పాతది తుడువాలె. లేకుంటె ఒక టెస్ట్ మైల ఇంకో టెస్టుకు అంటుతది.

నేనైతే మూడు మెట్లల్ల టెస్ట్ చెయ్యమంట. మొదలు, ఒక్కో డెకరేటర్‌ను చిన్న ఉత్తుత్త ఫంక్షన్ మీద పెట్టి విడిగ చూడాలె. రెండోది, డెకరేటర్లు లేని ఒట్టి మెథడ్‌ను చూడాలె. డెకరేటర్ రాసేటప్పుడు లోపల ఫంక్‌టూల్స్ రాప్స్ వాడితే, మెథడ్ పేరు, వివరణ పోకుండ ఉంటయి. రెండు దిక్కుల రెండేసి అండర్‌స్కోర్లున్న రాప్డ్ అనే గుణం గూడ దొరుకుతది. అది ఒక్క పొర ఒలుస్తది. అన్ని పొరలు ఒలువాలంటే ఇన్‌స్పెక్ట్‌ల అన్‌రాప్ ఉన్నది. అట్ల ఒలిచినంక దొరికేది ఒట్టి ఫంక్షన్, గందుకే సెల్ఫ్‌ను మనమే చేతితోని ఇయ్యాలె. మూడోది, అన్ని పొరలు కలిపి, నేను పైన చెప్పిన వరుస టెస్ట్.

క్లాసులల్ల ఇంకొన్ని యాది పెట్టుకునేటియి ఉన్నయి. క్లాస్‌మెథడ్, ప్రాపర్టీ మామూలు డెకరేటర్లకు పైన ఉండాలె. క్లాస్‌మెథడ్ మీద మామూలు డెకరేటర్ పెడితే, దాని చేతికి ఫంక్షన్ కాకుండ పిలువరాని వస్తువు వస్తది. అబ్‌స్ట్రాక్ట్‌మెథడ్ మాత్రం అన్నిటికన్న కింద, మెథడ్‌ను ఆనుకొని ఉండాలె. జాంగోల మెథడ్_డెకరేటర్‌కు డెకరేటర్ల జాబితా ఇస్తే, జాబితాల మొదలున్నదే ముందు నడుస్తది. టెస్టులల్ల మాక్ ప్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి పెడితే, కిందున్న ప్యాచ్ ఇచ్చే మాక్ ముందు వస్తది. పైనున్నది ముందనుకుంటె ఒకదాని జాగల ఇంకోటి పడ్తది.

గిదంత చదివి ఊకోకుండ్రి. పైథాన్ నడిచే యాప్ ఫోన్ల ఉన్నా సాలు. రెండు డెకరేటర్లు రాసి, ఒక్కోదాంట్ల దాని పేరు ప్రింట్ చేయించుండ్రి. నడిపి చూసి, పైది కిందికి, కిందిది పైకి మార్చి మళ్ల నడుపుండ్రి. కోడ్ నడుస్తున్నదంటే సరిగ్గ ఉన్నదని కాదు. మనం రాసే ప్రతి మెథడ్ ఎన్క ఎవలదో ఒకలది మార్కులో, పైసలో, గుట్టో ఉంటది. దానికి కావలి కాసేది మనం పెట్టిన వరుస, ఆ వరుసను కాసేది మనం రాసిన టెస్ట్.