క్షయ క్రిమికి కరెంటు కట్!

రోజూ దోసెడు మాత్రలు. నెలల తరబడి ఇంజెక్షన్లు. వాంతులు, వికారం, కీళ్లనొప్పులు. కొందరికైతే చెవులు వినిపించడమే మానేసేవి. ఇంతా చేసి ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత జబ్బు నయమయ్యేది దాదాపు సగం మందికే!

మందులకు లొంగని మొండి టీబీకి నిన్న మొన్నటిదాకా జరిగిన వైద్యమిది. మరి ఇప్పుడో? చాలామందికి ఆరు నెలలు చాలు. సూదిమందు అక్కర్లేదు. పరిశోధనల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా కోలుకున్నారు.

ఇంత మార్పు తెచ్చిన మందుల్లో ముందు చెప్పుకోవాల్సింది బెడాక్విలిన్. అది క్రిమిని చంపే తీరు ఎంత ఆసక్తికరమో, రోగి చేతికి చేరిన తీరూ అంతే!

మైనపు కోటలో కుంభకర్ణుడు

టీబీకి కారణం ఒక బ్యాక్టీరియా అని 1882 మార్చి 24న జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ ప్రకటించాడు. క్రిమి దొరికింది కానీ మందు దొరకలేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి... చాలాకాలం అదే వైద్యం. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం పుట్టింది అలాంటి రోజుల్లోనే. 1943లో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్, ఆ తర్వాత రిఫాంపిసిన్ తోడయ్యాయి. ఇక క్షయ పని అయిపోయిందనుకున్నారంతా.

కానీ ఈ క్రిమి మామూలుది కాదు. దాని చుట్టూ మైనం లాంటి మందపాటి గోడ ఉంటుంది. మన పేగుల్లో ఉండే ఈ కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెండుగా చీలితే, దీనికి దాదాపు 20 గంటలు పడుతుంది. పైగా కొన్ని క్రిములు ఊపిరితిత్తుల్లో ఓ మూల చేరి నిద్రపోతాయి. పాత మందుల్లో చాలావరకు క్రిమి పెరిగేటప్పుడే బాగా దెబ్బతీస్తాయి. ఐసోనియాజిడ్ గోడ కట్టనివ్వదు. కట్టుబడి పని చేస్తున్న మేస్త్రీని ఆపొచ్చు. నిద్రపోతున్న మేస్త్రీని ఆపేదేముంది?

అందుకే మామూలు టీబీకి కూడా నెలల తరబడి మందులు వాడాలి. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఒంట్లో ఓపిక వస్తుంది. 'బాగానే ఉన్నాం కదా' అని చాలామంది మాత్రలు మానేస్తారు. అప్పటికి మిగిలిన కాసిని క్రిములూ తిరగబడతాయి. వాటిలో మందును తట్టుకునేవే బతికి, పిల్లలు పెడతాయి. ఐసోనియాజిడ్‌కీ, రిఫాంపిసిన్‌కీ కూడా లొంగకపోతే అదే మొండి టీబీ. అది దగ్గు ద్వారా పక్కవారికి సోకితే, ఒక్క మాత్ర కూడా మానని మనిషికీ మొదటే మొండి జబ్బు వస్తుంది.

తిరగలికి అడ్డం పడి...

బెల్జియంలోని జాన్సెన్ కంపెనీ పరిశోధకుడు కోయెన్ ఆండ్రీస్ బృందం వేల రసాయనాలను ఒక్కొక్కటిగా పరీక్షించింది. నేరుగా టీబీ క్రిమి మీద కాదు. త్వరగా పెరిగే, ప్రమాదం తక్కువైన దాని చుట్టం మీద. ఒక అణువు ఆ చుట్టాన్నీ చంపింది, అసలుదాన్నీ చంపింది. ఎలా చంపుతోందో మాత్రం తెలియదు!

దానికో ఉపాయం పన్నారు. ఆ మందును తట్టుకుని బతికిన క్రిములను ఏరి, వాటి జన్యువులను మామూలు క్రిముల జన్యువులతో పోల్చి చూశారు. తేడా ఒకేచోట కనిపించింది... క్రిమికి శక్తిని తయారుచేసే యంత్రంలో!

ఏటీపీ సింథేజ్ అనే ఈ యంత్రాన్ని మన ఇళ్లలోని తిరగలితో పోల్చొచ్చు. కాకపోతే దీన్ని తిప్పేది చెయ్యి కాదు, లోపలికి దూసుకొచ్చే ప్రోటాన్లు. అది తిరిగినకొద్దీ ఏటీపీ అనే ఇంధనం తయారవుతుంది. బెడాక్విలిన్ వెళ్లి ఆ తిరిగే చక్రానికి అతుక్కుంటుంది. తిరగలి ఆగిపోతుంది. ఇంధనం లేక క్రిమి కొద్దిరోజుల్లో చస్తుంది. నిద్రపోతున్నా బతికుండాలంటే శక్తి కావాలిగా! అందుకే దాక్కున్న క్రిములనూ ఇది వదలదు.

మరి మన కణాల్లోనూ ఇలాంటి తిరగళ్లే ఉంటాయి కదా? ఉంటాయి కానీ నిర్మాణం వేరు. మనిషి యంత్రం మీద ఈ మందు ప్రభావం 20 వేల రెట్లకు పైగా తక్కువని తేలింది.

2005లో ఈ పరిశోధన 'సైన్స్' పత్రికలో వచ్చింది. 2012 డిసెంబరులో అమెరికా అనుమతిచ్చింది. నలభై ఏళ్లకు పైగా ఎదురుచూశాక టీబీకి కొత్త పద్ధతిలో పనిచేసే మందు వచ్చింది.

ఒక్కదాన్నే ఇస్తే క్రిమి దీన్నీ జయిస్తుంది. అందుకే ప్రిటోమానిడ్, లినెజోలిడ్ జతచేశారు. దక్షిణాఫ్రికాలో దారులన్నీ దాదాపు మూసుకుపోయిన 109 మందికి ఈ మూడూ ఇస్తే 98 మంది కోలుకున్నారు. తర్వాత మాక్సీఫ్లాక్ససిన్‌ను కూడా చేర్చారు. ఈ నాలుగు మందుల ఆరు నెలల వైద్యాన్ని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. 2024 సెప్టెంబరులో మన దేశం ఆమోదించింది.

ఆ ఇద్దరూ...

మందు వచ్చినా అందాలి కదా! మొదట్లో పేద దేశాలకు చెప్పిన ధరే ఆరు నెలలకు 900 డాలర్లు. అసలు పేటెంటు 2023 జులైతో ముగుస్తుంది. మందు లవణ రూపం మీద మరో పేటెంటు వస్తే ఇంకో నాలుగేళ్లు అదే కంపెనీ గుత్తాధిపత్యం.

అడ్డుపడింది ఇద్దరు అమ్మాయిలు. ముంబయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలె. ఇద్దరూ టీబీని జయించినవారే. ఆ పోరులో పాత మందుల దుష్ప్రభావంతో వినికిడి పోగొట్టుకున్నవారే. తమకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని 2019లో భారత పేటెంటు కార్యాలయంలో అభ్యంతరం దాఖలు చేశారు. 2023 మార్చి 23న, సరిగ్గా ప్రపంచ క్షయ దినానికి ముందురోజు, కంపెనీ దరఖాస్తు తిరస్కరణకు గురైంది. ఆ ఆగస్టుకల్లా అంతర్జాతీయ కొనుగోళ్లలో ధర 130 డాలర్లకు దిగింది. మన దేశపు లుపిన్ కంపెనీ జెనరిక్ మందు కూడా ఆ జాబితాలో చేరింది.

క్రిమి ఊరుకుంటుందా?

ఊరుకోదు. లోపలికొచ్చిన మందును బయటికి తోడిపోసే పంపులు క్రిమిలో ఉన్నాయి. ఆ పంపులను అదుపులో ఉంచే జన్యువు చెడితే పంపులు జోరందుకుంటాయి, బెడాక్విలిన్ నిలవదు. ఇలాంటి క్రిములు ఇప్పటికే పలు దేశాల్లో కనిపించాయి. అందుకే పరిశోధకులు ఇదే కుటుంబంలో మరింత శక్తిమంతమైన అణువులను మనుషుల మీద పరీక్షిస్తున్నారు.

కొత్త మందులకూ ఇబ్బందులు లేకపోలేదు. బెడాక్విలిన్‌తో గుండె లయ మారొచ్చు కాబట్టి ఈసీజీ తీస్తుండాలి. లినెజోలిడ్‌తో కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కవచ్చు, రక్తం తగ్గొచ్చు. ఆ సంగతి వైద్యులకు చెప్పాలి తప్ప సొంతంగా మాత్రలు మానకూడదు.

2023లో ప్రపంచంలో కోటీ 8 లక్షల మంది టీబీ బారినపడ్డారు. 12.5 లక్షల మంది చనిపోయారు. రోగుల్లో నాలుగోవంతుకు పైగా మన దేశంలోనే! రెండు వారాలు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. ఇంతకుముందు నలభై ఏళ్లు ఆగితే వచ్చిన మందు ఇది. డాక్టరు చెప్పిన చివరి మాత్ర దాకా వాడితేనే ఇది మన తర్వాతివారికీ పనికొచ్చేది.